మెరుపు ఎక్కించిన కార్డు

పోయిన నెల కాలేజీలో పాఠాలు చెప్పే ఒకాయన మా ఇంటికొచ్చాడు. "ఖాజా భాయ్, మా పిల్లలకు ఒక గంట మాట్లాడు. గ్రాఫిక్స్ కార్డుల గురించి నీకంటె ఎక్కువ తెల్సినోళ్లు నల్లగొండల ఎవరున్నరు?" అన్నాడు. గంటసేపు నిలబడే నడుము నాకు లేదు. స్క్రూలు విప్పీ విప్పీ కుడిచేతి బొటనవేలు కూడా సరిగా వంగడం లేదు. రాసిస్తాను, నువ్వే చదివి వినిపించు అన్నాను. రాయడం మొదలుపెట్టాక తెలిసింది, నిలబడి మాట్లాడటమే నయమని.

నేను మొదట మహబూబ్‌నగర్‌లో టీవీలు బాగుచేసేవాణ్ణి. టీవీలు పల్చబడి గోడకెక్కాక బాగుచేయించే వాళ్లు తగ్గిపోయారు. తెలంగాణ వచ్చిన కొత్తలో నల్లగొండకు వచ్చి, గడియారం సెంటర్ దగ్గర నర్సింహ సేటు కంప్యూటర్ షాపులో చేరాను. సిస్టమ్‌లు బిగించడం, పాడైనవి విప్పడం, ఏ పనికి ఏ కార్డు కావాలో చెప్పడం నా పని. ఆ షాపులోనే ముసలివాణ్ణయ్యాను. పిల్లలకు ఉత్సాహం కలిగించే మాటలు నా దగ్గర పెద్దగా లేవు. జరిగింది మాత్రం ఉంది.

ఎన్ని జీబీ?

షాపు మెట్లెక్కిన ప్రతివాడి మొదటి ప్రశ్న ఇదే. దాంతో ఏం పని చేసుకుంటావయ్యా అని మనం అడిగితే చిరాకు పడతారు. కంపెనీల పేర్లు కూడా మా దగ్గర ఎవరూ పలకరు, పచ్చ డబ్బా, ఎర్ర డబ్బా అంటారు. "పచ్చ డబ్బల నాలుగు జీబీది ఇయ్యి భాయ్" అంటే బేరం అయిపోయినట్టే.

అప్పట్లో ఒకే పేరుతో రెండు రకాల కార్డులు వచ్చేవి. ఒకదాని అట్ట మీద నాలుగు జీబీ అని పెద్ద అక్షరాల్లో ఉండేది, రెండోదాని మీద రెండు జీబీ అని. నాలుగు జీబీదాంట్లో పెట్టింది పాత రకం మెమరీ, డీడీఆర్ త్రీ. రెండు జీబీదాంట్లో ఉన్నది జీడీడీఆర్ ఫైవ్, దానికంటే రెండు మూడు రెట్లు చురుకైనది. గోదాము ఎంత పెద్దదైనా దర్వాజా ఇరుకైతే సరుకు బయటికి రావడానికి పొద్దుపోతుంది. ఆ దర్వాజా వెడల్పు అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, అరవై నాలుగు బిట్ అనో నూట ఇరవై ఎనిమిది బిట్ అనో. దాన్ని ఎవరూ చదవరు. నేను రెండు కార్డులూ పెట్టి ఒకే ఆట ఆడించి చూశాను. రెండు జీబీది సాఫీగా పోయింది. నాలుగు జీబీది ఆగి ఆగి నడిచింది.

పానగల్ నుంచి ఫ్లెక్సీలు కొట్టే ఒకాయన వస్తే ఈ సంగతంతా అరగంట కూర్చోబెట్టి చెప్పాను. రెండూ నడిపించి చూపించాను. ఆయన చాయ్ తాగుతూ శ్రద్ధగా విన్నాడు. "మంచిగ చెప్పినవ్ భాయ్. ఇగ గా నాలుగు జీబీదే కట్టియ్యి" అన్నాడు. మొదట్లో ఇలాంటివాళ్ల మీద కోపం వచ్చేది. రాను రాను కోపం కూడా రావడం మానేసింది.

మోడల్ అంకె సంగతి కూడా అంతే. అంకె పెద్దదైతే కార్డు పెద్దదనుకోకండి. ముందరి అంకెలు అది ఏ కాలంలో పుట్టిందో చెబుతాయి, వెనకటి అంకెలు ఏ తరగతిదో చెబుతాయి. నిరుడు వచ్చిన పెద్ద తరగతి కార్డు ఈ ఏడు వచ్చిన చిన్న తరగతిదాన్ని సులువుగా దాటేయొచ్చు. ఈ రెండు ముక్కలు తెలిస్తే అట్ట మీది అబద్ధాల్లో సగం మిమ్మల్ని ముట్టుకోవు. మిగిలిన సగం షాపులోనే పుడతాయి, నేనూ పుట్టించాను.

ఏసీ కింద పది నిమిషాలు

మేళ్లచెరువు దిక్కు సిమెంటు ఫ్యాక్టరీలకు పనులు చేసే ఒక కాంట్రాక్టరుకు డ్రాయింగులు గీసే సిస్టమ్ బిగించాను. షాపులో ఏసీ కింద పది నిమిషాలు పరీక్ష పెడితే అంకెలు బ్రహ్మాండంగా వచ్చాయి. ఆ కాగితం ప్రింటు తీసి, బిల్లుకు పిన్ను కొట్టి మరీ ఇచ్చాను. మే నెలలో ఫోను వచ్చింది.

"ఏంది భాయ్ ఇది? పొద్దుగాల ఉరుకుతది, పగటీలి పంటది."

పోయి చూస్తే ఆఫీసంటే రేకుల గది. లోపల కార్డు ఫ్యాను రెక్కలకు సిమెంటు దుమ్ము పొరలు పొరలుగా అతుక్కుని ఉంది. వేడి హద్దు దాటితే కార్డు తనను కాపాడుకోవడానికి వేగం తానే తగ్గించుకుంటుంది. కాగితం మీద నేను కొట్టిచ్చిన అంకెలు షాపు ఏసీవి, అక్కడ ఆయనకు ఉన్నది మేళ్లచెరువు ఎండ. నా ఎదురుగానే ఆ కాగితం తీసి టేబుల్ మీద పెట్టాడు. తిట్టినా బాగుండేది.

అప్పటినుంచి ఏ కార్డునైనా ఏసీ ఆపి, షట్టరు సగం దించి గంటసేపు నడిపించి చూసేవాణ్ణి. మొదటి పది నిమిషాల అంకె కాదని చివరి పది నిమిషాల అంకె రాసుకునేవాణ్ణి. కార్డుకు ఎంత కరెంటు కావాలి, డబ్బాలో ఉన్న పవర్ సప్లై అంత ఇస్తుందా అన్నది కూడా అప్పుడే చూసేవాణ్ణి. సేటు చెమటలు తుడుచుకుంటూ గొణిగేవాడు. ఒక్క ఈ విషయంలో ఆయన మాట వినలేదు. అన్నింట్లోనూ వినకుండా ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

సేటు దగ్గర నేర్చుకున్నది

నర్సింహ సేటు చెడ్డవాడని రాసేస్తే నా పని సులువయ్యేది. నా భార్య దవాఖానలో పడి ఉన్నప్పుడు ఆయన రోజూ సాయంత్రం షాపు ముందే మూసి, వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చునేవాడు. అలాంటి మనిషి చెప్పిన పనిని కాదనడానికి నోరు రాదు.

ఆయన నేర్పిన పని ఇది. షాపులో రెండు మానిటర్లు పక్కపక్కన ఉండేవి. ఒకదానికి చవక కార్డు, రెండోదానికి ఆయన అమ్మదలచుకున్న కార్డు. రెండింటి మీదా ఒకే వీడియో. కస్టమరు వచ్చే ముందు సేటు మెల్లగా అనేవాడు, "ఖాజా, జర మెరుపు ఎక్కియ్యి."

మెరుపు అన్నది మా షాపు మాట. కార్డుతో వచ్చే సాఫ్ట్‌వేర్‌లో రంగుల చిక్కదనం పెంచే ఒక గీత ఉంటుంది. దాని మీది బొత్తాన్ని జరిపితే గడ్డి మరింత పచ్చనవుతుంది, ఎరుపు మండిపోతుంది. దానికీ కార్డు సత్తాకూ ఏ సంబంధం లేదు. చవక కార్డులోనూ అదే గీత ఉంటుంది. అమ్మాల్సినదానికి ఎక్కించి, రెండోదాన్ని కంపెనీ పెట్టినచోటే వదిలేసేవాళ్లం. "చూసినవా తేడా?" అనేవాడు సేటు. చూసినవాడు తలూపేవాడు.

నాకు అది మోసమనిపించలేదు. టీవీల షాపుల్లో అంతకంటే ఎక్కువే చూసి వచ్చాను. కొన్నాళ్లకు సేటు చెప్పాల్సిన అవసరం కూడా పోయింది. ఇళ్లకు పోయి కార్డు బిగించినప్పుడు నా చెయ్యి దానంతటదే ఆ గీత దగ్గరికి పోయేది. ఇంటిల్లిపాదీ కొత్త తెర చూసి సంతోషపడేవాళ్లు. నేను చాయ్ తాగి వచ్చేసేవాణ్ణి.

శ్రీలత

మోత్కూర్ దిక్కు ఒక ఊరి నుంచి యాదగిరి అనే నేత పెద్ద, ఆయన కోడలు శ్రీలత షాపుకొచ్చారు. పోగుకు రబ్బరు కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి అద్దే చీరలు వాళ్లవి. యాదగిరి కొడుకు మగ్గం వదిలి హైదరాబాద్‌లో బండి నడుపుతున్నాడు. కోడలు మాత్రం శిక్షణకు పోయి కంప్యూటర్‌లో డిజైన్ గీయడం నేర్చుకుంది. గీసిన చీరను బొమ్మకు కట్టినట్టు తిప్పి చూపించే సాఫ్ట్‌వేర్ తెచ్చుకుంటే సిస్టమ్ కదలడం లేదని వచ్చింది.

ఎన్ని జీబీ అని అడగని మొదటి కస్టమరు ఆమే. "అన్నా, చీర తిప్పితే కుచ్చిళ్ల కాడ ఆగొద్దు. గంతే నాకు కావాల్సింది" అన్నది. ఏ కార్డు ఎందుకో అడిగి అడిగి తెలుసుకుంది. రెండు జీబీది, చురుకైన మెమరీది తీసుకుంది. యాదగిరి నవ్వి, "మా కోడలు మా ఇంట్ల ఇంజనీరు" అన్నాడు. నాకు ఆ రోజు ఎంతో తృప్తిగా అనిపించింది. నా మాట విని సరైన కార్డు కొన్నవాళ్లు చాలా తక్కువ.

మరుసటి రోజు వాళ్లింటికి పోయి బిగించాను. తెర వెలిగాక నా చెయ్యి గీత దగ్గరికి పోయింది. మెరుపు ఎక్కించాను. అమ్మకం అయిపోయింది, అయినా ఎక్కించాను, అలవాటు. యాదగిరి ముందుకు వంగి చూసి, "అబ్బ, రంగులు ఎంత జిగేల్మంటున్నయ్" అన్నాడు.

దుప్పట్లో చుట్టుకొచ్చిన సిస్టమ్

కొన్ని నెలల తర్వాత శ్రీలత ఒక్కతే షాపుకొచ్చింది. సీపీయూ, మానిటర్ రెండూ దుప్పట్లో చుట్టి బస్సులో తెచ్చింది. ప్లాస్టిక్ కవర్లోంచి ఒక చీర ముక్క తీసి కౌంటర్ మీద పెట్టింది. కుంకుమ లాంటి ఎరుపు.

జరిగింది చెప్పింది. హైదరాబాద్‌లో చీరలమ్మే ఒకాయన మొదటిసారి ఆమె గీసిన డిజైన్‌కు ఆర్డర్ ఇచ్చాడు. రంగుకు నంబరు ఫోనులో పంపాడు. ఆ నంబరు కంప్యూటర్‌లో కొట్టింది. తెర మీద ఏ రంగు కనిపించిందో దాన్నే చూసి యాదగిరి రంగు కలిపాడు. ఒక పడుగు పూర్తిగా, ఎనిమిది చీరలు, అదే ఎరుపులో నేశారు. చీరలు చూసి ఆర్డరిచ్చినాయన తన రంగుల పుస్తకం తెరిచి చూపించాడు. ఆయన అడిగింది పాత ఇటుక రంగు. ఒక్క చీర కూడా తీసుకోలేదు. ఆ అద్దకంలో ఒకసారి ఎక్కిన రంగు దిగదు.

"తప్పు నంబరు కొట్టినవంటున్నడు మామ. నేను సరిగనే కొట్టిన అన్నా. ఫైల్ల నంబరు గట్లనే ఉంది. కార్డు ఖరాబైందా, నా కండ్లే ఖరాబైనయా? నువ్వే చూసి చెప్పాలె. నాదే తప్పయితే ఇగ కంప్యూటర్ కాడ కూసోనియ్యరు."

నాకు చూడాల్సిన అవసరమే లేదు. ఏ మానిటర్‌లోనైనా రంగు కొంచెం అటూ ఇటూ అవుతుంది, కానీ ఇటుక రంగు కుంకుమ కాదు. మెత్తటి రంగుల మీదే మెరుపు ఎక్కువ పనిచేస్తుంది. సిస్టమ్ వెలిగించాను. గీత మీద బొత్తాం నేను పెట్టినచోటే ఉంది.

సేటు వెనక నుంచి చూశాడు. ఆయనకూ అర్థమైంది. నా భుజం మీద చెయ్యి వేసి, ఆమెతో అన్నాడు, "కార్డు మంచిగనే ఉందమ్మా. కంపెనీ మాల్ అది, ఏం కాదు."

ఆమె నా వైపు చూసింది. ఈ వయసులో ఈ షాపు పోతే నన్నెవరు పెట్టుకుంటారు అన్న ఒక్క ఆలోచన తప్ప మరేమీ రాలేదు. "మంచిగనే ఉంది" అన్నాను. ఆమె చీర ముక్కను మడిచి కవర్లో పెట్టుకుంటున్నప్పుడు బొత్తాన్ని కంపెనీ పెట్టినచోటికి జరిపేశాను. ఇక ముందైనా సరిగ్గా కనిపిస్తుంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

నా వృత్తిలో చేసిన తప్పుల్లో అంత పెద్దది లేదు. మెరుపు ఎక్కించిన తప్పు కంటే చెప్పకుండా దించిన తప్పే పెద్దది. అది నాకు మూడు నెలలకు గానీ తెలియలేదు.

వాళ్ల ఊరివాడే ఒకాయన ప్రింటరు కోసం షాపుకొచ్చాడు. మాటల్లో యాదగిరి కోడలి సంగతి అడిగాను.

"కంప్యూటర్ బందు పెట్టిండ్రు. గా పిల్ల తప్పు నంబరు కొట్టి, మీ షాపుల చాటుకు దిద్దిచ్చుకొచ్చిందట. ఇంటికి తెచ్చి పెడితే గదే ఫైల్ల ఇటుక రంగు కనవడుతుందంట. ముందుగాల ఎరుపు చూసిన మనిషి ఊకుంటడా? అబద్ధమాడిందని మామ నలుగుర్ల అన్నడు. ఇప్పుడు ఆసు పోసుకుంట కూసుంటాంది."

ఆయన ప్రింటరు తీసుకుని పోయాడు. ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా పక్కన పెట్టి, మోత్కూర్ బస్సు ఎన్నింటికో కనుక్కున్నాను.

ఆసు దగ్గర

నేను వాళ్ల ఊరికి పోయొచ్చాక సేటుకూ నాకూ మాటలు తగ్గాయి. పనిలోంచి మాత్రం తీసేయలేదు, నేను భయపడింది జరగనే లేదు. నన్ను మళ్లీ మెరుపు ఎక్కించమని అడగలేదు, తానే ఎక్కించుకునేవాడు. ఇది ముందే చెప్పేస్తున్నాను, చివరన చెప్పాల్సింది సేటు సంగతి కాదు కాబట్టి.

ప్రింటరు ఆయన వచ్చిపోయిన మరునాడు పొద్దున్నే బస్సెక్కి వాళ్ల ఊరికి పోయాను. శ్రీలత ముందు గదిలో ఆసు దగ్గర కూర్చుని ఉంది. అర్ధచంద్రంలా మేకులు కొట్టిన చెక్క అది. దాని మీద పోగును అటూ ఇటూ వేస్తూ రోజంతా చెయ్యి ఊపుతూనే ఉండాలి. ఆ పని చేసే ఆడవాళ్ల భుజాలు నలభై ఏళ్లకే పోతాయి. మూలన కంప్యూటర్ మీద పాత లుంగీ కప్పి ఉంది.

"రా ఖాజా భాయ్, కూసో. చాయ్ పెట్టమంట" అన్నాడు యాదగిరి.

కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను. "యాదగిరన్నా, తప్పు ఆమెది కాదు. నాది."

ఆయనకు అర్థం కాలేదు. లుంగీ తీసి సిస్టమ్ వెలిగించాను. ఆ చీర ఫైల్ తెరిచాను, ఇటుక రంగు. గీత మీది బొత్తాన్ని పైకి జరిపాను, కుంకుమ ఎరుపు. కిందికి జరిపాను, ఇటుక. వెనక ఆసు చప్పుడు ఆగిపోయింది.

యాదగిరి కళ్లజోడు పెట్టుకుని దగ్గరికి వచ్చాడు. "మల్లొకపారి జరుపు."

జరిపాను.

"గిదెవరు పెట్టిండ్రు?"

"నేనే. బిగించిన రోజు పెట్టిన. షాపుల నేనే తీసేసిన."

"ఈ పిల్ల నీ ముంగట నిలవడి అడిగింది గద?"

"అడిగింది."

"మరెందుకు చెప్పలే?"

"నౌకరీ పోతదని భయమైంది."

తిడతాడనుకున్నాను. ఆయన నన్ను చూడటం మానేశాడు. కోడలి వైపు తిరిగాడు. "నేను నిన్ను అబద్ధాలకోరన్న. నలుగుర్ల అన్న" అన్నాడు. తర్వాత, "లే బిడ్డా, ఆడికెంచి లే. గీ పోగు నేను పోస్త" అన్నాడు. ఆమె లేచింది. ఆ పెద్దమనిషి మోకాళ్లు పట్టుకుని ఆసు ముందు కూర్చుని, ఆమె వదిలినచోట పోగు అందుకున్నాడు.

శ్రీలత వచ్చి తెర ముందు కూర్చుంది. బొత్తాం అసలు ఎక్కడ ఉండాలో చూపించాను, పక్కన కాగితం మీద రాసిపెట్టాను. చేతులు ఒళ్లో పెట్టుకుని ఆ రంగునే చూస్తూ ఉండిపోయింది.

"మామా, నీకేం రంగు కనిపిస్తాంది?" అన్నది.

యాదగిరి ఆసు ఆపాడు. "నీకేం కనిపిస్తే గదే రంగు బిడ్డా" అన్నాడు.

ఆమె తల ఊపింది. మౌస్ మీద చెయ్యి పెట్టబోయి, వెనక్కి తీసుకుంది.

"ఇటుక రంగేనా మామా?" అని మళ్లీ అడిగింది.